శనివారం పొట్టకి ఆదివారం ఒర

భీమేశ్వరరావు బహ్రెయిన్‌లో విమానం దిగినప్పుడు ఆయనకి పొట్ట లేదు. అది ఇక్కడికొచ్చాక పుట్టింది. మిలటరీలో హవల్దారుగా చేసినన్నాళ్ళూ ఆయన రోకలిలా నిటారుగా ఉండే మనిషి. ముహర్రక్‌లో ముత్యాల వ్యాపారం చేసే అబూ ఖాలిద్ దగ్గర అంగరక్షకుడిగా చేరి, ఆ ఇంటి మచ్బూస్ రుచి మరిగాడు. మచ్బూస్ అంటే మన పలావుకి మేనత్త కూతురు లాంటిది. ఎండునిమ్మకాయలు వేసి, పళ్ళెం నిండా అన్నం పరిచి, దాని మీద ఒక పొట్టేలుని నిద్రపుచ్చినట్టు పడుకోబెడతారు. ఆ పొట్టేళ్ళన్నీ వరసగా వెళ్ళి భీమేశ్వరరావు రోకలికి ముందు రుబ్బురోలై కూర్చున్నాయి. ద్రాక్షారామం పక్కనున్న ఆయన సొంతూళ్ళో ఫోటో చూసినవాళ్ళు, "ఈయన బహ్రెయిన్‌లోకి వెళ్ళాడా, బహ్రెయిన్ ఈయనలోకి వెళ్ళిందా?" అని వాదించుకున్నారట. చిన్న ద్వీపమే కదా, పట్టొచ్చు అని తేల్చారట.

ఆ పొట్ట వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు, ఒక్క పిస్తోలుకి తప్ప.

అబూ ఖాలిద్ ముత్యాల సంచీతో ఎక్కడికి వెళితే భీమేశ్వరరావు అక్కడ ఉండాలి. ఎండకి రోడ్డు మీద తారు ఉడుకుతున్నా కోటు తొడుక్కోవాలి. ఆ కోటు కింద పిస్తోలు ఉండాలి. దానికి లైసెన్సు, అనుమతి కాగితాలు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అది ఉందన్న సంగతే ఎవరికీ తెలియకూడదు.

"కొనడానికి వచ్చినవాడికి నా ముత్యాలు కనపడాలి. నీ ఇనుము కనపడితే వాడికి ముత్యం మీద మనసు పోతుంది," అనేవాడు అబూ ఖాలిద్. డ్యూటీ అవగానే పిస్తోలు ఆయన ఇనప్పెట్టెలోకి వెళ్ళేది, భీమేశ్వరరావు గుదైబియాలో తన ఫ్లాటుకి వెళ్ళేవాడు.

ఉద్యోగంతో పాటు ఇచ్చిన ఒర బెల్టుకి బయట, తుంటి పక్కన వేలాడేది. మెత్తటి బెల్టు, బరువైన పిస్తోలు. ఆ లాగుడికి ప్యాంటు ఒకపక్కకి దిగజారేది. ఆయన ఒక చేత్తో దాన్ని ఎగలాక్కుంటూ నడుస్తుంటే కోటు కింద ఎవరి పిల్లినో ఎత్తుకుపోతున్నట్టు ఉండేది. అది మాని, చంక కింద కట్టుకునే ఒర తెప్పించుకున్నాడు. అదీ బాగానే ఉంది గాని, ఎవరైనా తెలుగువాళ్ళు ఎదురైతే అలవాటు కొద్దీ రెండు చేతులూ ఎత్తేవాడు. కోటు తెరుచుకునేది. ఆయనతో పాటు పిస్తోలు కూడా తొంగిచూసి నమస్కారం పెట్టేది.

తరవాత చీలమండకి కట్టుకునేది కొన్నాడు. దాంతోనే కొంప మునిగింది. ఒకరింటికి పరామర్శకి వెళ్ళి, మజ్లిస్‌లో, అంటే వాళ్ళ చావడిలో, అందరితో పాటు తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ప్యాంటు పైకి పోయింది. ఎదురుగా ఉన్న తొంభై ఏళ్ళ పెద్దాయనకి చూపు మసక. ఈ హిందీవాడి, అంటే ఇండియావాడి, కాలికి ఏదో నల్లటి పురుగు పట్టుకుందని జాలిపడి, చెప్పు తీసి కొట్టబోయాడు. నిండా గుళ్ళున్న పిస్తోలు అది! అబూ ఖాలిద్ ఆ వయసులో గాల్లోకి ఎగిరి పెద్దాయన చెయ్యి పట్టుకున్న తీరు చూసి, పరామర్శకి వచ్చినవాళ్ళు చచ్చిపోయినాయన్ని కాసేపు మర్చిపోయారు.

తిరిగొచ్చేటప్పుడు కారులో అబూ ఖాలిద్ ఇందాకటి ఎగురుడికి జారిన తలగుడ్డ సర్దుకున్నాడు. ఆ తరవాత తన అరబ్బీ హిందీలో తాపీగా చెప్పాడు.

"వచ్చే నెల మా ఇంట్లో విందు. నా ముత్యాలు కొనడానికి సౌదీ వైపు అల్ హసా నుంచి పెద్ద నగల షరాబు వస్తున్నాడు. నువ్వు నా పక్కనే, నేల మీద, అందరిలో ఒకడిలా కూర్చోవాలి. నీ ఒంటి మీద ఇనుముందని ఎవడికి తెలిసినా ఖలాస్. అవాలి ఊరి అవతల ఎడారిలో నా మేకల దొడ్డి ఉంది, ఎరుగుదువు కదా? అక్కడ పిస్తోలు అక్కర్లేదు. కర్ర చాలు."

భీమేశ్వరరావుకి మేకలంటే కోపం లేదు. కాని సొంతూళ్ళో ఆయన చెప్పుకున్న కథ వేరు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని ఫోటోలు పంపించి, అరేబియా సముద్రంలో సగం ముత్యాలకి తనే కాపలా అనీ, తను తుమ్మితే ఆల్చిప్పలు నోళ్ళు మూసుకుంటాయనీ ఫోన్లో కోతలు కోసేవాడు. అలాంటి మనిషి చేతిలో మేకల కర్ర అంటే బావమరుదులు నవ్విన నవ్వు సముద్రం దాటి గుదైబియా దాకా వినపడుతుంది.

ఆయన భార్య వీరవేణి అబూ ఖాలిద్ ఇంట్లోనే వంటపని చేస్తుంది. సంగతి విని ఆవిడేమీ కంగారు పడలేదు.

"అయితే మంచిదేనండి. మేకపాలతో టీ పెడతాను. పొట్ట తగ్గుద్దంట."

"నా బతుకు నీకు ఎగతాళిగా ఉందా?"

"మీ బతుకు కాదండీ, మీ పొట్ట."

మర్నాడు శనివారం. ఆయనకి సెలవు. శనివారం అబూ ఖాలిద్ మనవలతో గడుపుతాడు, గడప దాటడు. భీమేశ్వరరావు నేరుగా దేవేందర్ దుకాణానికి వెళ్ళాడు.

దేవేందర్ది కరీంనగర్ వైపు. గుదైబియాలో లాండ్రీ పక్కన కొట్టు. కారు సీట్లకి తోళ్ళు వేస్తాడు, చెప్పులు కుడతాడు, వేటడేగల కళ్ళకి తోలు టోపీలు కూడా కుడతాడు. భీమేశ్వరరావు చెప్పిన కొలతలతో కొయ్యని పిస్తోలంతే చెక్కి, దాన్ని ముందు పెట్టుకుని తోలు కోశాడు.

"ఒరంటే సంచి గాదన్నా," అన్నాడు. "ట్రిగ్గర్ మొత్తం మూసుకోవాలె. అండ్లకి వేలు గాని, అంగీ కొస గాని పోవద్దు. మూతి గట్టిగ తెరుచుకునే ఉండాలె. తలకిందులు జేసి ఊపినా జారద్దు. గియ్యన్ని అయినంక నీకు గుచ్చద్దు."

"గుచ్చితే ఓర్చుకుంటానులే తమ్ముడూ. మిలటరీ ఒళ్ళు."

"నువ్వోర్సుకుంటవే, నీ చెయ్యి ఓర్సుకోదు. గడియకోసారి పొయ్యి సర్దుతది. నువ్వు సర్దుకునుడు జూసే ఎవడన్న పసిగడ్తడు. డేగకు టోపీ గుచ్చితే అది తల గోక్కుంటనే ఉంటది. నువ్వూ అంతే."

తనని పిట్టతో పోల్చినందుకు భీమేశ్వరరావు కొంచెం చిన్నబుచ్చుకుని, కొలతలకి నిలబడ్డాడు. ఛాతీ విరిచి, పొట్ట లోపలికి లాక్కుని, పరేడ్ మైదానంలో జనరల్ గారు వస్తున్నట్టు నిలబడ్డాడు. దర్జీ ముందు నిలబడితే ఆయనకి ఎప్పుడూ అంతే. దేవేందర్ కుట్టాడు. ప్యాంటు లోపల, కుడి తుంటి ఎముక మీద, బెల్టుకి కరుచుకుని ఒర చక్కగా కూర్చుంది. కొయ్య పిస్తోలు పెట్టి, కోటు తొడిగి చూసుకుంటే ఏమీ కనపడలేదు, ఏమీ గుచ్చలేదు. "నీ చేతికి బంగారు కడియం తొడగాలిరా!" అని దేవేందర్ వీపు తట్టి వెళ్ళిపోయాడు.

ఆదివారం డ్యూటీలో మధ్యాహ్నం దాకా స్వర్గం. మచ్బూస్ తిని కారెక్కాడో లేదో పిస్తోలు పిడి పక్కటెముకని పొడిచింది. మూతి గజ్జలోకి దూరింది. ఆయన అటు జరిగాడు, ఇటు జరిగాడు, సీటులో సగం లేచి కూర్చున్నాడు. అబూ ఖాలిద్ అద్దంలోంచి చూసి, "మే..." అన్నాడు మేకలా.

వారమంతా అదే నరకం. మళ్ళీ శనివారం కొట్టుకి వెళ్ళి కయ్యానికి దిగాడు. దేవేందర్ ఒర తొడిగించి, లేపి, కూర్చోబెట్టి, వంగమన్నాడు.

"గిప్పుడు గుచ్చుతుందా?"

"ఇప్పుడు లేదు."

"మరెప్పుడు గుచ్చుతది?"

"రేపు గుచ్చుద్ది."

"రేపు గుచ్చేదానికి ఇయ్యాల ఏం జెయ్యమంటవే? నేను చెప్పులు కుట్టేటోన్నా, జాతకాలు జెప్పేటోన్నా?"

"నీకు పని రాదురా! డేగలంటే నోరు లేనివి కాబట్టి సరిపోయింది."

"నీకు నడుమే సక్కగ లేదన్నా. నా తోలునేమంటవ్?"

ఆ తరవాతి శనివారం ఇంకో ఒర కుట్టించాడు. అదీ అంతే. శనివారం పసిపాపలా పడుకునేది, ఆదివారం పాములా లేచేది. గిట్టనివాళ్ళెవరో చేతబడి చేయించారేమో, అది కూడా సెలవు రోజున పనిచెయ్యదేమో అన్న అనుమానం భీమేశ్వరరావుకి వచ్చింది.

ఆ ఆదివారం సాయంత్రం చొక్కా విప్పి, మంచం మీద వెల్లకిలా పడుకుని మూలుగుతున్నాడు. వీరవేణి నొప్పి నూనె పట్టుకొచ్చి, నడుం వైపు చూసి ఆగిపోయింది.

"ఏవండీ, మీ మొలతాడేదండీ?"

"ఉంటుంది, ఎక్కడికి పోద్ది?"

"నిన్న తుంటి మీద ఊగులాడిందండి. ఇయ్యాల కనపడితే ఒట్టు." ఆవిడ వేలితో వెతికి, పొట్ట మడతలో కూరుకుపోయిన వెండి మొలతాడుని బావిలో చేద దొరికినట్టు పైకి తీసింది. కింద ఎర్రగా వాత తేలి ఉంది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, నూనె సీసా పక్కన పెట్టి, నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి నేల మీద చతికిలబడింది.

"మీరు దేవేందర్ దగ్గరికి ఎప్పుడెళతారండీ?"

"శనివారం."

"శనివారం మీరు ఏం తింటారండీ?"

భీమేశ్వరరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. ఈ ఉద్యోగం దొరికితే శనివారాలు ఒంటిపొద్దు ఉంటానని వెంకన్నబాబుకి మొక్కుకున్నాడు ఆయన. పగలు నీళ్ళు, పాలు, పళ్ళు. దీపం పెట్టాక ఇడ్లీలు. ఆయనది గాలిబుడగ జాతి పొట్ట. పూట పస్తుంటే అణిగిపోతుంది, పూట తింటే పొంగుతుంది.

"శనివారం మనిషిని కొలిపించి, ఆదివారం మనిషికి తొడుగుతున్నారండి! పైగా ఊపిరి బిగబట్టి నిలబడుంటారు. నాకు తెలీదా, మన పెళ్ళి ఫోటోలో కూడా అంతే."

రెండు రోజుల తరవాత, అబూ ఖాలిద్ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా అడిగి సెలవు పుచ్చుకుని, కంఠం దాకా మచ్బూస్ తిన్న మనిషి గుదైబియాలో కొట్టు మెట్లెక్కాడు. సంగతి విన్న దేవేందర్ ఆయన్ని నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాడు.

"ఇగ ఊపిరి ఇడువన్నా. మొత్తం ఇడువు. సిగ్గువడకు."

భీమేశ్వరరావు ఊపిరి వదిలాడు. దారపుండలు దొర్లి దారి ఇచ్చాయి. కత్తెర బల్ల కిందికి పోయింది. గోడకున్న క్యాలెండరు రెపరెపలాడింది.

దేవేందర్ కొలత టేపు పట్టుకుని ఆయన చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "గీన్ని ఎక్కడ దాసినవే ఇన్ని రోజులు?" అన్నాడు. "నీకు పిస్తోలు దాసుడొక లెక్కనా!"

ఈసారి ఒరని పొట్టకి దూరంగా, తుంటి ఎముక దాటించి వెనక్కి జరిపాడు. పిడి కోటుని ఎత్తకుండా కొంచెం ముందుకి వాల్చాడు. ఒంటికి ఆనే వైపు మెత్తటి ఉన్ని గుడ్డ వేసి, పై అంచు వంచి కుట్టాడు. రెండు పొరల తోలుతో బెల్టు చేశాడు. అది ఎంత బిర్రుగా ఉందంటే, ఒక్కదాన్నే నేల మీద నిలబెడితే అటెన్షన్‌లో నిలబడింది. భీమేశ్వరరావు కూర్చున్నాడు, లేచాడు, వంగి చెప్పులు తొడుక్కున్నాడు. కొయ్య పిస్తోలు ఉన్నట్టే లేదు. దాన్ని తిరిగివ్వడం మర్చిపోయి వీధి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

"శనివారానికి లోపల్కి ఇంకో బెజ్జం కొట్టాల్నా?" అన్నాడు దేవేందర్.

"శనివారం నాకు డ్యూటీయే లేదు. బంగారంలాంటి బెల్టు, బెజ్జాలు ఎందుకురా?"

అన్నాడు. అన్నాక ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?

విందు గురువారం అనుకున్నారు. షరాబు గారికి ఒంట్లో నలతగా ఉందని వాయిదా పడింది. శనివారం మధ్యాహ్నం భీమేశ్వరరావు దేవుడి పటం ముందు, అరటిపండుతో కాలక్షేపం చేస్తుండగా అబూ ఖాలిద్ ఫోన్ చేశాడు. "షరాబు సౌదీ వంతెన దాటేశాడు. గంటలో ఇంట్లో ఉంటాడు. యల్లా, బయల్దేరు!"

బెజ్జం కొట్టించడానికి వేళ లేదు. ముహర్రక్ చేరి, ఇనప్పెట్టెలోంచి పిస్తోలు తీసుకుని, ఒరలో పెట్టుకున్నాడు. బెల్టుని ఆఖరి బెజ్జానికి బిగించాడు. అయినా నడుముకీ బెల్టుకీ మధ్య పిడికిలి పట్టేంత సందు. అడుగు వేస్తే పిస్తోలు ప్యాంటుతో సహా దిగుతోంది. మోచేత్తో నొక్కి పట్టుకుని, చెయ్యి విరిగినవాడిలా మజ్లిస్‌లోకి నడిచాడు. అబూ ఖాలిద్ ఆ మోచేతిని చూశాడు. గడ్డం కొస పట్టుకుని, మేక గడ్డాన్ని నిమిరినట్టు నిమురుకున్నాడు.

షరాబు తెల్లటి గడ్డంతో, నవ్వు మొహంతో వచ్చి అబూ ఖాలిద్ పక్కన కూర్చున్నాడు. అబూ ఖాలిద్ అనుకున్నట్టే భీమేశ్వరరావుని తన రెండో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మచ్బూస్ వచ్చింది. పొట్టేలు పడుకుని ఉంది. ఆవిరి వచ్చి ముక్కులో దూరింది. నాలుగు ముద్దలు తింటే బెల్టు నిలబడుతుంది. తినకపోతే లేచేటప్పుడు పిస్తోలు జారి తివాచీ మీద పడుతుంది.

"స్వామీ," అనుకున్నాడు భీమేశ్వరరావు, "ఈ ఒక్క శనివారాన్నీ శుక్రవారం అనుకో. వచ్చే శుక్రవారాన్ని శనివారం చేసి నీకు ఇచ్చేస్తాను. నువ్వు తలుచుకుంటే వారాలదేముంది?" కొండ మీంచి జవాబు రాలేదు. అంత దూరం కదా, సిగ్నల్ అందలేదో, ఇలాంటి బేరాలు రోజూ వింటాడు కాబట్టి విసుగొచ్చిందో.

వంటింటి తలుపు సందులోంచి వీరవేణి చూస్తోంది. మొగుడి మోచెయ్యి చూసింది, ముట్టని పళ్ళెం చూసింది. ఒక్క నిమిషంలో వడ్డించేవాడి చేతుల మీద ఖర్జూరాల తట్ట, లబన్ కూజా వచ్చి భీమేశ్వరరావు ముందు దిగాయి. లబన్ అంటే చిక్కటి మజ్జిగే. ఆయన కళ్ళు చెమర్చాయి. పాలు, పళ్ళు! మొక్కులో ఉన్నవే!

ఇక మొదలుపెట్టాడు. ఎలా తిన్నాడంటే, గింజలు పళ్ళెంలో పడుతున్న చప్పుడుకి బయట రేకు మీద వాన పడుతోందనుకుని ఎవరో కిటికీ మూశారు. రెండు గ్లాసుల లబన్ తాగాడు, మళ్ళీ తట్ట మీద పడ్డాడు. బెల్టు కింద పొట్ట, పొయ్యి మీద పాలలా, ముందు కదిలింది, తరవాత లేచింది. సందు మూసుకుంది. పిస్తోలు తుంటి వెనక తన చోటికి తాను వెళ్ళి కూర్చుంది. భీమేశ్వరరావు మోచెయ్యి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

అప్పుడు గమనించాడు, షరాబు మచ్బూస్ మానేసి తననే చూస్తున్నాడు.

"ఈయనెవరు?" అని అడిగాడు షరాబు అబూ ఖాలిద్‌ని.

"మా ఇంటి మనిషి," అన్నాడు అబూ ఖాలిద్ గొంతు సవరించుకుంటూ.

"ఈ ఖర్జూరాలు నేను తెచ్చినవి. మా తాత నాటిన తోటవి. ఈ రోజుల్లో జనం ఒకటి నోట్లో వేసుకుని బాగుందంటారు, చెయ్యి తుడుచుకుంటారు. మాంసం వదిలేసి నా ఖర్జూరం తిన్నవాణ్ణి ఇదే చూడడం!"

షరాబు లేచాడు. భీమేశ్వరరావుని లేపాడు. చేతులు రెండూ చాపి, ఆయన్ని నడుం చుట్టూ పట్టుకుని గట్టిగా కౌగిలించుకున్నాడు.

అబూ ఖాలిద్ చేతిలో గహ్వా, అంటే అరబ్బీ కాఫీ, చెంబు కదిలి తివాచీ మీద ఒలికింది. వంటింట్లో వీరవేణి కళ్ళు మూసుకుంది. భీమేశ్వరరావుకి మేకలు కనపడ్డాయి, వరసగా, గడ్డాలతో. షరాబు అరచెయ్యి వీపు మీంచి దిగి, తుంటి మీదికి వచ్చి, సరిగ్గా ఒర మీద రెండుసార్లు చరిచింది.

కాని ఒర అప్పటికి ఒరలా లేదు. అటూ ఇటూ కండ పొంగి, దాన్ని తనలో కలిపేసుకుంది. తోలేదో, ఒళ్ళేదో చెప్పడం దేవేందర్ వల్ల కూడా అయ్యేది కాదు.

"మాషా అల్లా!" అన్నాడు షరాబు సంతోషంగా. "ఎంత గట్టి నడుం! తినేవాడి ఎముక ఇలా ఉండాలి!"

ఆ సాయంత్రం ముత్యాలు అమ్ముడుపోయాయి. పిస్తోలు ఇనప్పెట్టెలో పెడుతూ అబూ ఖాలిద్ భీమేశ్వరరావు తుంటి వైపు అనుమానంగా చూసి, తనూ ఒకసారి చరిచి చూసుకుని, తల ఊపి వెళ్ళిపోయాడు. మేకల మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు మాత్రం భీమేశ్వరరావు డ్యూటీకి రాలేదు. ఎందుకు రాలేదో మర్యాదస్తులు అడగరు. తట్టెడు ఖర్జూరాలు తిన్నవాడికి మర్నాడు వేరే డ్యూటీ ఉంటుంది.

ఆ తరవాత షరాబు దగ్గర్నుంచి వారం వారం ఒక గంప రావడం మొదలైంది. 'ఖర్జూరం విలువ తెలిసిన హిందీ మిత్రుడికి' అని అబూ ఖాలిద్ డ్రైవరు అప్పజెప్పి వెళ్ళేవాడు.

నెల తిరిగాక ఒక శనివారం భీమేశ్వరరావు బెల్టు పట్టుకుని దేవేందర్ కొట్టుకి వెళ్ళాడు.

"ఆ బెజ్జం కొట్టెయ్యి తమ్ముడూ. మళ్ళీ శనివారం పిలుస్తాడేమో, ఎందుకొచ్చిన గొడవ."

"ముందే జెప్తే వినవైతివి," అంటూ దేవేందర్ బెజ్జం కొట్టే పనిముట్టు తీశాడు. "కూసో. ఊపిరి ఇడువు."

భీమేశ్వరరావు కూర్చుని ఊపిరి వదిలాడు. దారపుండలు దొర్లాయి. దేవేందర్ బెల్టు చుట్టి చూశాడు. పాత బెజ్జమే బిర్రుగా సరిపోయింది. మళ్ళీ చుట్టి చూశాడు.

"ఇయ్యాల శనివారమే గదనే? ఉపాసం లేవా?"

"ఉన్నాను. పొద్దుట్నుంచీ పచ్చి గంగ కూడా ముట్టలేదు. ఖర్జూరాలు మాత్రం తిన్నాను. మొక్కులో పళ్ళు తినచ్చు."

"ఎన్ని దిన్నవ్?"

భీమేశ్వరరావు తల ఎత్తి ఫ్యాను వైపు చూశాడు.

దేవేందర్ పనిముట్టు బల్ల మీద పెట్టేసి, తనకేమైనా మిగిలిందేమోనని ఆయన చేతిసంచీలోకి తొంగిచూశాడు. అందులో గింజలున్నాయి.